తట్టకు చెయ్యి వేసే మనిషి

నాకు కుళ్ళు ఎక్కువని మా ఆవిడ లీలావతి అంటుంది. అది శుద్ధ అన్యాయం. కుళ్ళు ఉన్న మాట నిజమే గానీ ఎక్కువేం కాదు, ఒకే ఒక్క మనిషి మీద. లోకంలో మిగతా వాళ్ళంతా బాగుపడితే నాకేం నొప్పి? మా తోడల్లుడు జనగామలో బట్టల దుకాణం మీద మేడ వేస్తుంటే నేనే వెళ్ళి ప్లాను గీసిచ్చాను. తుల్సీరాం పేరు వింటే మాత్రం కడుపులో ఎవరో నిప్పులు పోసినట్టు ఉంటుంది. ఇప్పుడు ఆ తుల్సీరాం బతుకు గురించే రాయడానికి కూర్చున్నాను. నాకంటే తగిన మనిషి ఎవరున్నారు? స్నేహితులు మనిషిని ఒకసారి చూసి, మంచివాడు అనుకుని వదిలేస్తారు. గిట్టనివాడు పదేళ్ళైనా కన్ను పక్కకు తిప్పడు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా మంటకు కారణం మీకు అర్థం కాదు. నా పేరు సుదర్శన్. మాది జనగామ, కొంచెం భూమి ఉన్న కుటుంబం. 1969లో నేను వరంగల్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం వచ్చింది, తరగతులు మూతపడ్డాయి, మేమంతా రోడ్డెక్కాం. జనగామ స్టేషన్ దగ్గర పోలీసు లాఠీ నా మోకాలి చిప్ప మీద పడింది. మబ్బు పట్టిందంటే ఇప్పటికీ అది సలుపుతుంది. ఏడాది చదువు పోయింది. చివరికి 1971లో మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, నీటిపారుదల కార్యాలయంలో ఎస్టిమేట్లు వేసే ఉద్యోగంలో చేరాను. చెరువు కట్ట వేయాలన్నా, కాలువ తవ్వాలన్నా ఎంత మట్టి, ఎంతమంది మనుషులు, ఎన్ని రోజులు అని ముందే తేల్చి కాగితం మీద పెట్టడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాడు మా కార్యాలయంలో లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నిజం.

రెండేళ్ళకు రఘునాథ్ గారని కృష్ణా జిల్లా ఇంజనీరు వచ్చాడు. పనిమంతుడే, మాట మాత్రం కత్తి. మొదటి రోజు నన్ను ఒక ఫైలు అడిగితే, "గా ఫైలు గీడ్నే ఉన్నది సార్" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఏమయ్యోయ్, సినిమాలో హాస్యగాడిలా మాట్లాడతావే!" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ నవ్వారు. అందులో ఆరుగురు మా జిల్లా వాళ్ళే, సిగ్గులేని వాళ్ళు. ఆ రోజు నుంచి నా నాలుకను బడికి పంపాను. పొద్దున్నే పేపరు బిగ్గరగా చదివేవాణ్ణి. "ఏందండీ, ఇంట్ల గూడ రేడియో లెక్క మాట్లాడుతున్రు" అని లీలావతి నెత్తి కొట్టుకునేది. ఏడాది తిరిగేసరికి నేను పుస్తకంలా మాట్లాడడం మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్నది చూడండి, ఎక్కడైనా తప్పు దొరికితే చెప్పండి.

ఆ తర్వాత వచ్చాడు తుల్సీరాం.

1974 ఎండాకాలం. గంగారం దగ్గర కాలువ తవ్వుతున్నాం. మట్టి పనికి అడవి అంచు తండా నుంచి బీక్యా అనే మేస్త్రీ తన ముఠాను తీసుకొచ్చాడు. తుల్సీరాం అతని కొడుకు. ఏడో తరగతి చదివి ఆపేశాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, పార పట్టి మట్టి తవ్వేవాడు. అతని భార్య గోరీ ఆ మట్టిని తట్టతో నెత్తిన పెట్టుకుని గట్టు మీద పోసేది. ఆ రోజు రఘునాథ్ గారు గుర్తుకు పాతిన మేకుల దగ్గర కాలువ మట్టం చూస్తుంటే తుల్సీరాం గోతిలోంచి పైకొచ్చి, "సార్, గీ మేకు నిన్న గీడ లేకుండె. గొడ్లు తన్నినట్టున్నయి, జర చూసుకోండ్రి" అన్నాడు.

నేను చెవులు రిక్కించి నిలబడ్డాను, ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అని. నవ్వలేదు! కొలిచి చూస్తే మేకు జానెడు జరిగి ఉంది. "ఎంత చక్కగా చెప్పాడయ్యా కుర్రాడు!" అన్నాడు రఘునాథ్ గారు. గీడ అని నేనంటే నవ్వులు, అతనంటే శభాష్‌లు. చూశారా న్యాయం! నా మంట అక్కడ మొదలైంది.

నెల తిరక్కుండా అతన్ని పని చూసే మనిషిగా పెట్టుకున్నారు. అది పర్మనెంట్ ఉద్యోగం కాదు. పని నడిచినన్నాళ్ళే ఉంటుంది, పని ముగిస్తే ఇంటికి పోవాల్సిందే. ఆ సంగతి తలుచుకున్నప్పుడు మాత్రం నాకు కొంచెం హాయిగా ఉండేది. ఇలాంటివి రాయకూడదు, అయినా రాస్తున్నాను.

1976లో సర్వే పని మీద మా ఇద్దర్నీ కాటారం పంపారు. భూపాలపల్లిలో బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. నేను ఆఫీసు మనిషిని, చేతిలో తోలు సంచి, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఒక్కడూ జరగలేదు. తుల్సీరాం ఎక్కగానే వెనకనుంచి ఒక ముసలామె వాళ్ళ లంబాడీ భాషలో ఏదో కేక వేసింది. నలుగురు సర్దుకుని చోటు చేశారు. అతనేం చేశాడో తెలుసా? ఆ చోటు నాకిచ్చాడు.

"కూసోండ్రి సార్. మీ మోకాలు బాగలేదు గద" అన్నాడు.

నా మోకాలి సంగతి నేనతనికి ఎన్నడూ చెప్పలేదు. నడక చూసి పట్టాడు. కాటారం వచ్చేదాకా ఆ సీటు నన్ను ముళ్ళలా గుచ్చింది. పక్కన నిలబడి ఆ ముసలామెతో నవ్వుకుంటూ మాట్లాడుతున్నాడు, అసలు అలిసిపోయినట్టే లేడు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1979 చివర్లో హైదరాబాద్ మీదుగా మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. కట్టడాల ఖర్చులు, పని నిర్వహణ చూసే నిపుణులు పదకొండు దేశాల వాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారట. ఒక జంట, అంటే తవ్వేవాడు ఒకడు, మోసే మనిషి ఒకరు, రోజుకు ఎంత మట్టి తీయగలరో ప్రతి దేశమూ ఒకే రకం ఫారంలో చూసి రాయాలి. అన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ పని తేలికగా సాగుతోంది, ఎక్కడ మనుషులు నలుగుతున్నారు, ఎందుకు అని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. మన వైపు నుంచి గంగారం దగ్గర మేం తవ్వబోయే కొత్త కుంటను ఎంచారు.

ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. ఎస్టిమేట్లు వేసేవాళ్ళకు కూడా ఒక ప్రపంచం ఉందని అంతవరకు నాకు తెలియదు. కెన్యాలో, శ్రీలంకలో నాలాంటివాడే ఒకడు బల్ల ముందు కూర్చుని, మొరం ఎంత, మన్ను ఎంత అని బుర్ర గోక్కుంటున్నాడన్న మాట! అతనితో మాట్లాడాలనిపించింది. మా ఇంట్లో గానీ, ఊళ్ళో గానీ నా పని గురించి అడిగినవాళ్ళు లేరు. ఆ ఉత్తరం నా పేరు మీదే వచ్చినట్టు సంబరపడిపోయాను.

"పట్టిక కింద పరిశీలించినవారి పేరు వేస్తారు. ఆ పేరు గలవాడే ఈ సంఘం హైదరాబాద్‌లో పెట్టే సభలో కూర్చుంటాడు" అన్నాడు రఘునాథ్ గారు. నా గుండె గంతులేసింది. అంతలోనే ఆయన, "గోతి దగ్గర తుల్సీరాం ఉండి చూస్తాడు. నువ్వు పట్టిక తయారుచెయ్యి" అన్నాడు. పైగా, నిమిషాలు చూడాలి కదా అని తన చేతి గడియారం విప్పి అతని చేతికి పెట్టాడు. ఆరేళ్ళు ఆయనకు ఎస్టిమేట్లు వేసిపెట్టాను నేను. నాకు ఏనాడూ టైమెంతో కూడా చెప్పలేదు ఆ మనిషి.

ఆరు నెలలు, వానలు పడి కుంటలో నీళ్ళు చేరేదాకా, తుల్సీరాం గోతి ఒడ్డున ఒక రాయి మీద తువ్వాల నెత్తినేసుకుని కూర్చున్నాడు. 1980 జూన్‌లో పొడుగు నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఫారంలో ఉన్న గడులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. చివర్న తన సొంతంగా ఇంకో గడి గీశాడు. దాని పైన 'చెయ్యేసుడు' అని రాసి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"గోతి లోతయినంక సార్, నిండిన తట్టను ఆడోళ్ళు ఒక్కలే నెత్తికి ఎత్తుకోలేరు. ఇంకో మనిషి చెయ్యెయ్యాలె. గోతిల ఇంకెవలుంటరు? తవ్వెటోడే పార కిందపెట్టి చెయ్యేస్తడు. మళ్ళ పార పట్టి తవ్వుతడు. ఒక్కో జంటకు రోజుకు తొంభై సార్లు సార్. గడియారం పెట్టి చూసిన. దినాం రెండు గంటలు గీ చెయ్యేసుడుకే పోతున్నయి."

"ఫారంలో ఈ గడి లేదు."

"లేదు సార్, గందుకే గీసిన. మా గోరీ చెప్పింది. తవ్వుడు రాస్తున్నవ్, మోసుడు రాస్తున్నవ్, నడిమిట్ల చెయ్యేసుడు ఎవలు రాస్తరు అన్నది."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను. "పదకొండు దేశాల పెద్దలు చదివే కాగితం ఇది తుల్సీరాం. తట్టకు చెయ్యి వేశాం, చెమట తుడుచుకున్నాం, బీడీ కాల్చుకున్నాం అని రాసుకుంటూ పోతామా?"

అతను తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు: "సార్, కింద పేరు... నాది గూడ రాస్తరా? ఆరేండ్లాయె పనికి జేరి. పేరుంటే పర్మనెంట్ కాయితం కదులుతదని రఘునాథ్ సార్ అన్నరు."

"చూద్దాంలే" అన్నాను.

చూశాను. పట్టిక టైపుకి ఇచ్చేటప్పుడు ఆ చివరి గడి కొట్టేశాను. కింద ఒక్క పేరే రాశాను, సుదర్శన్ అని. గడియారం చూసింది తుల్సీరామే గానీ ఏం చూడాలో చెప్పింది నేనేనని రఘునాథ్ గారిని నమ్మించాను. నేను తొమ్మిదేళ్ళు గోతుల ఒడ్డున తిరిగాను. తట్టకు చెయ్యి వేయడం రోజూ నా కళ్ళ ముందే జరిగింది. ఏడో తరగతి చదివినవాడికి కనబడింది, నాకు కనబడలేదు. అందుకే అది పనికిమాలిన గడి అని గట్టిగా నమ్మాను. నమ్మకపోతే నాకు ముద్ద దిగేది కాదు.

1981 జనవరిలో హైదరాబాద్ సభ. రఘునాథ్ గారు, నేను వెళ్ళాం. నేను కొత్త కోటు కుట్టించుకున్నాను. పొడుగాటి బల్ల, ప్రతి మనిషి ముందూ దేశం పేరు రాసిన అట్ట. అధ్యక్షుడు శ్రీలంక ఆయన. నాకు ఎదురుగా కెన్యా నుంచి ఎస్తేర్ అని పెద్దావిడ కూర్చుంది. ఎత్తైన మనిషి, తలకు నీలం గుడ్డ కట్టుకుంది. పాతికేళ్ళుగా కట్టడాల లెక్కలు చూస్తోందట. నన్ను చూసి, చాలాకాలంగా ఎరిగున్నట్టు చెయ్యి ఊపింది. అబ్బ, ఆ క్షణం ఎంత బాగుందో చెప్పలేను.

తర్వాత అంకెలు చదివారు. ఒకే రకం మొరం, ఒకే లోతు. ఒక జంట రోజుకు తీసే మట్టి కెన్యాలో రెండు ఘనపు మీటర్లు. శ్రీలంకలో రెండుకు కాస్త తక్కువ. గంగారంలో ఒకటి పాయింట్ నాలుగు. అందరూ నా వైపు చూశారు. ఏదో చలి దేశం ఆయన చాలా మర్యాదగా అడిగాడు, మీ కూలీలకు తిండి చాలడం లేదా, లేక పని మీద మనసు పెట్టరా అని.

రఘునాథ్ గారి మొహం మాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. పని మీద మనసు పెట్టరా! మూడు మీటర్ల గోతిలోంచి నెత్తిన మట్టితో గోరీ ఎలా ఎక్కుతుందో నువ్వు చూశావురా అనాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గడి. జవాబు నా దగ్గర ఉండేది. నా పెన్నుతో నేనే కొట్టేశాను.

లేచి నిలబడ్డాను. నేను తెలుగులో చెబుతుంటే రఘునాథ్ గారు ఇంగ్లీషులో చెప్పాడు. తట్ట నిండడం, పార కింద పెట్టడం, చెయ్యి వేయడం, మళ్ళీ పార అందుకోవడం, రోజుకు తొంభై సార్లు, రెండు గంటలు. తుల్సీరాం చెప్పిన మాటలనే పుస్తకం భాషలోకి మార్చి చెప్పాను.

ఎస్తేర్ లేచింది. "మా పల్లెల్లో ఆడవాళ్ళు బరువు నెత్తిన పెట్టుకోరు. నొసటికి పట్టీ తగిలించి వీపున మోస్తారు. కూర్చుని పట్టీ వేసుకుని తామే లేస్తారు. ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. అందుకే ఆ గడి గీయాలని మాకు తోచలేదు" అంది. మావాళ్ళు వరసగా నిలబడి చేతికి చెయ్యి అందిస్తారు అన్నాడు శ్రీలంక ఆయన. ఫారం గీసినవాళ్ళలో ఒక్కరూ తట్ట ఎత్తి ఎరగరని అప్పుడు అందరికీ అర్థమైంది. ఫారంలో కొత్త గడి చేర్చాలని అక్కడికక్కడే నిర్ణయించారు. చప్పట్లు కొట్టారు.

"దీన్ని గమనించింది ఎవరు?" అని అడిగింది ఎస్తేర్. రఘునాథ్ గారు నా వైపు తిరిగాడు.

"నేనే" అన్నాను.

ఆరు నెలలకు పుస్తకం అచ్చయి వచ్చింది. నా పేరుతో ఒక పేజీ. రఘునాథ్ గారు దాన్ని అందరికీ చూపించాడు. తుల్సీరాంకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు కదా. ఆ పేజీ మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ తొంభై దగ్గర ఆపాడు.

"మంచిగైంది సార్. గడి పెట్టిన్రు" అన్నాడు. అంతే. పుస్తకం మూసి, చొక్కాకు తుడిచి, నా చేతికిచ్చాడు.

ఆ నెలలోనే అతని పర్మనెంట్ కాగితం తిరిగొచ్చింది, ప్రత్యేకంగా చూపదగిన సేవ లేదని. దానికీ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది, కాలర్ పట్టుకున్నా బాగుండేది. నేను ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాను.

"మంచి పేరొచ్చె గద, ఇంకా గట్ల మొకం పెట్టుకున్నరేంది?" అంది లీలావతి.

"వాడికి కోపం రావడం లేదే!" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేనైతే ఏడేళ్ళుగా అతని మీద కోపం మోస్తున్నాను, ఇంత జరిగినా అతను హాయిగా ఉన్నాడు. అంతకంటే కుళ్ళు పుట్టించేది ఏముంటుంది?

1982 ఫిబ్రవరిలో ఎస్తేర్ గంగారం వచ్చింది. పుస్తకం రెండో అచ్చు వేస్తున్నారు, ఆ లోపల చెయ్యి వేయడం కళ్ళతో చూడాలంది. అప్పుడు అదే ముఠా ఇంకో కుంట తవ్వుతోంది. ఆమె చెప్పులు విడిచి, గౌను అంచు ఎత్తి పట్టుకుని గోతిలోకి దిగింది. ఆడవాళ్ళంతా ఆమె తలగుడ్డ ముట్టుకుని చూశారు. ఆమె వాళ్ళ గాజులు చూసింది. రఘునాథ్ గారు పక్కనుండి మాటలు అటూ ఇటూ మార్చి చెబుతున్నాడు.

"మీరు ఎక్కడ కూర్చుని చూసేవారు?" అని నన్ను అడిగింది ఎస్తేర్.

నేను బిక్కమొహం వేశాను. ఎక్కడని చెప్పను? వెంటనే తుల్సీరాం ముందుకొచ్చాడు. "గసొంటి రాయి మీదనే మేడం, గట్ల ఒడ్డున" అని ఒక రాయి చూపించాడు. మరి నువ్వేం చేసేవాడివి అని అడిగిందామె.

"సార్ చెప్పింది రాసేటోణ్ణి" అన్నాడు.

నన్ను కాపాడుతున్నాడు! ఎవడు అడిగాడు ఇతన్ని? పేరు నేను తీసుకున్నాను, సభ నేను తీసుకున్నాను, చప్పట్లు నేను తీసుకున్నాను. పెద్దమనసు ఒక్కటే మిగిలింది, అది కూడా అతనే పట్టుకుపోయాడు. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత కుళ్ళు ఎన్నడూ రాలేదు.

అప్పుడే గోరీ తట్ట నిండింది. అలవాటుగా తుల్సీరాం చెయ్యి వేయడానికి వంగాడు. ఆమె అతన్ని మోచేత్తో పక్కకు నెట్టింది. తలెత్తి నా వైపు చూసింది.

"సారూ, చెయ్యేసుడు మీరే రాసిన్రంట గద. రాండ్రి, జర చెయ్యెయ్యిండ్రి" అంది.

అందరూ చూస్తున్నారు. దిగక తప్పలేదు. మోకాలు పట్టేసింది. తట్ట అంచులు రెండు చేతులా పట్టుకున్నాను. "గట్ల కాదు, అడుగున పట్టాలె" అంది. అడుగున పట్టాను. ఒక్క ఊపున ఛాతీ దాకా లేచింది గానీ ఇంక పైకి పోదు. తడి మొరం, ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఎన్ని వేల తట్టల మట్టిని కాగితం మీద మోయించానో, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. గోరీ ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చేత్తో నెత్తి మీది చుట్టబట్ట నింపాదిగా సర్దుకుంటోంది. ఆమె మొహం నాకు జానెడు దూరంలో ఉంది. నేను వదిలితే తట్ట ఆమె కాళ్ళ మీద పడుతుంది.

"గిప్పుడు చెప్పుండ్రి సారూ. గిది ఎవలు రాసిన్రు?" అంది. గట్టిగా కూడా అనలేదు.

"ఏయ్ గోరీ, ఊకో" అన్నాడు తుల్సీరాం వెనకనుంచి. ఆమె ఊరుకోలేదు, తల కిందికి పెట్టనూ లేదు. తట్ట నా చేతుల్లోంచి జారుతోంది.

"నేను గాదు" అన్నాను. "తుల్సీరాం రాసిండు. నువ్వు చెప్తె రాసిండు. గా గడి నేనే కొట్టేసిన. ఆయన పేరు గూడ నేనే రాయలె. కుళ్ళుతోటి జేసిన."

తొమ్మిదేళ్ళు బడికి పంపిన నాలుక ఆ గోతిలో దిగగానే ఇంటికొచ్చేసింది. రఘునాథ్ గారు నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. గోరీ తల వంచి తట్ట కిందికి వచ్చింది. నడుం నిటారుగా పెట్టి, వెనక్కి చూడకుండా గట్టెక్కి పోయింది.

"ఇది ఆవిడకు ఇంగ్లీషులో చెప్పమంటావా?" అన్నాడు రఘునాథ్ గారు. చెప్పండి సార్ అన్నాను. చెప్పాడు. ఎస్తేర్ నా పక్కనుంచి వెళ్ళి తుల్సీరాం ముందు నేల మీద గొంతుక్కూర్చుని నోటుబుక్కు తెరిచింది. ఆమె నొసటి పట్టీ సంగతి చెబితే, మీవాళ్ళు కూర్చుని ఎట్ల లేస్తరని అతను అడిగాడు. దేని మీదైనా కాస్త ఎత్తు మీద కూర్చుంటే లేవడం తేలిక అందామె. అతను కాసేపు గోతి గోడ వైపు చూసి, "గట్లయితే గోడకు నడుమెత్తు గట్టు ఇడిసిపెడితే? తట్ట దాని మీద నింపితే ఆడోళ్ళే నెత్తికి జరుపుకుంటరు, ఎవలూ చెయ్యెయ్యక్కర లేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే అలా గట్టు వదిలి తవ్వారు. మూడు రోజులు చూస్తే ఒకటి పాయింట్ నాలుగు కాస్తా ఒకటి పాయింట్ ఎనిమిది అయింది. గోరీ సాయంత్రం నడుం పట్టుకోకుండా ఇంటికి వెళ్ళింది. కెన్యా ఆవిడా, తండా మనిషీ ఒకే నోటుబుక్కు మీద వంగి మాట్లాడుకుంటుంటే నేను ఒడ్డున రాయి దగ్గర నిలబడ్డాను. నేను ఉత్తరం చదివినప్పుడు కలగన్నది సరిగ్గా అదే. నా బదులు అతను కూర్చున్నాడు.

నాకు మెమో వచ్చింది, కాటారం బదిలీ అయింది. భూపాలపల్లి బస్సులో నాకు ఇప్పటికీ ఎవరూ జరగరు. రెండో అచ్చులో తుల్సీరాం పేరు, గోరీ పేరు పక్కపక్కన వేశారు. ఆ పుస్తకం పట్టుకుని రఘునాథ్ గారు హైదరాబాద్ చుట్టూ నాలుగుసార్లు తిరిగి అతని ఉద్యోగం పర్మనెంట్ చేయించాడు. 1984లో ఆ సంఘం నైరోబీలో సభ పెట్టింది. తుల్సీరాంను రమ్మన్నారు.

అతను బయలుదేరే రోజు నేను కాటారం నుంచి మానుకోట స్టేషన్‌కు వెళ్ళాను. ఎందుకని అడగకండి. పాస్‌పోర్టు మరిచిపోతాడేమో, బండి తప్పిపోతుందేమో, చూద్దామని. ఏవీ జరగలేదు. గోరీ జొన్నరొట్టెలు, పచ్చళ్ళు పెట్టి ట్రంకుపెట్టె నింపింది. బండి ఆగేది రెండు నిమిషాలు. తుల్సీరాం ఎక్కాడు, ట్రంకుపెట్టె మాత్రం కిందే ఉండిపోయింది. జనం తోసుకుంటున్నారు. మెట్టు మీద నుంచి వంగి పెట్టె పిడి పట్టుకున్నాడు, అది లేవడం లేదు. నన్ను చూశాడు.

"సార్, జర చెయ్యెయ్యుండ్రి" అన్నాడు.

అడుగున పట్టుకుని ఎత్తాను. పెట్టె లోపలికి పోయింది. బండి కదిలింది. అతను తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు, నాకా గోరీకా తెలియలేదు.

గోరీ కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఏం సారూ, గిప్పుడన్న కడుపు సల్లవడ్డదా?"

"ఎక్కడిది గోరీ" అన్నాను. "మండుతనే ఉన్నది."

ఆమె నవ్వింది. నేను నా బస్సు కోసం నడిచాను.